సీనియర్లను వదిలించుకుంటే క్లబ్ మిగులుతుందా? హైదరాబాద్ ఎఫ్‌సీని చూశాక కూడా?

పసుపు_నలుపు
నిన్న అల్మారా సర్దుతుంటే మా అబ్బాయి జెర్సీ బయటపడింది. పసుపు రంగుది, వీపు మీద అంకె సగం ఊడిపోయింది. 2022లో కొన్నాను, అప్పుడు వాడికి ఏడేళ్లు. ఇప్పుడు భుజాల దగ్గరే ఇరుక్కుపోతోంది. "నాన్నా, ఈ టీమ్ ఇప్పుడు ఎక్కడ ఆడుతోంది?" అని అడిగాడు. ఢిల్లీకి వెళ్లిపోయిందిరా, పేరు కూడా మార్చేశారు అని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డా స్టేడియంలో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) ఫుట్‌బాల్ కప్పు ఎత్తిన జట్టు అది. మరుసటి ఏడాది లీగ్‌లో రెండో స్థానం, 20 మ్యాచ్‌ల్లో 42 పాయింట్లు. ఆ తర్వాతి ఏడాది 22 మ్యాచ్‌ల్లో ఒకే ఒక్క గెలుపు, 8 పాయింట్లు, పట్టికలో అట్టడుగు. ఒక్క వేసవిలో ఇంత పతనం నేను ఏ ఆటలోనూ చూడలేదు.

మధ్యలో జరిగింది మనందరికీ తెలుసు. ఒక్కొక్కరే వెళ్లిపోయారు. ఓగ్బెచే, నర్జరీ, ఆకాశ్ మిశ్రా, సివెరియో, కోచ్ మనోలో. మిగిలినవాళ్లు జీతాలు రాక 2024 జనవరిలో. నా ప్రశ్న ఒకటే. ఖర్చు తగ్గించాలి అనుకోగానే ఏ యజమానికైనా ముందు కనపడేది అనుభవం ఉన్న ఆటగాడి జీతమే ఎందుకు? ఆ జీతం దేనికి ఇస్తున్నారో ఎవరైనా ఆలోచిస్తారా? ఇది ఒక్క మన బాధేనా, అన్నిచోట్లా ఇంతేనా? తెలిసినవాళ్లు చెప్పండి.

నార్త్_గ్యాలరీ
ఆ జెర్సీ పారేయకండి అన్నా. ఎవరికీ ఇవ్వకండి కూడా. నా దగ్గర 2019 మొదటి సీజన్ స్కార్ఫ్ ఉంది, ఉతికితే రంగు పోతుందని ఇప్పటిదాకా ఉతకలేదు.

లెక్కల_మాస్టారు
నేను ఆడిటింగ్‌లో ఉన్నాను. కోపం కాసేపు పక్కన పెట్టి యజమాని కుర్చీలో కూర్చుని చూడండి.

మన దేశంలో క్లబ్‌కు డబ్బు వచ్చే దారులు ఎన్ని? టికెట్లు, స్పాన్సర్లు, లీగ్ నుంచి వచ్చే వాటా. గచ్చిబౌలిలో మనం ఎంత పెట్టి టికెట్ కొన్నామో గుర్తు చేసుకోండి. ఇంటర్వెల్‌లో తిన్న సమోసాలకు, పార్కింగ్‌కు అంతకంటే ఎక్కువైన రోజులున్నాయి. ఖర్చు వైపు చూస్తే జీతాలు, విమానాలు, హోటళ్లు, స్టేడియం అద్దె, ఫ్రాంచైజీ రుసుము. విమానం వాడు తగ్గించడు, హోటల్ వాడు తగ్గించడు. యజమాని చేతిలో ఉన్నది జీతాల పద్దు ఒక్కటే.

ఇక వయసు సంగతి. 21 ఏళ్లవాడిని రెండేళ్లు ఆడించి అమ్మితే డబ్బు వస్తుంది. లిస్టన్ కొలాసో 2021లో మన దగ్గర నుంచి కోల్‌కతాకు వెళ్లినప్పుడు కోటి రూపాయలని పత్రికల్లో వచ్చింది. 35 దాటినవాడికి తిరిగి అమ్మకపు విలువ ఉండదు, ఒప్పందం అయిపోతే ఉత్త చేతులతో వెళ్లిపోతాడు. అందుకే ముందు వాళ్ల పేరు మీదే గీత పడుతుంది. ఇది దుర్మార్గం కాదు, లెక్క.

నార్త్_గ్యాలరీ
ఓగ్బెచేను అమ్మాలని ఎవరు అడిగారు మాస్టారూ? ఆడించాలి. 37 ఏళ్ల వయసులో ఒకే సీజన్‌లో 18 గోల్స్ కొట్టి, లీగ్‌లో అందరికంటే ఎక్కువ కొట్టినవాడికిచ్చే గోల్డెన్ బూట్ తీసుకున్నాడు. రెండు సీజన్లలో 28. ఆ 28 గోల్స్‌కు మీ పద్దులో గడి ఎక్కడుంది?

కీపర్_కృష్ణ
మాస్టారి లెక్కలో తప్పు లేదు, కానీ అందులో పట్టనిది ఒకటుంది. నాకు జరిగింది చెబుతాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో మా సంస్థ జట్టుకు గోల్‌కీపర్‌గా ఆడేవాణ్ణి. మా స్టాపర్‌కు, అంటే నా ముందు మధ్యలో కాచే డిఫెండర్‌కు, 38 ఏళ్లు. రెండు మోకాళ్లకూ నీక్యాప్‌లు. పరుగు పందెం పెడితే జట్టులో చివరివాడు. కానీ మ్యాచ్ మొదలైతే ఆయన నోరు ఆగేది కాదు. "ఎడమ చూడు", "వదిలెయ్, అది నీ బంతి", "లైన్ పైకి, పైకి". తొంభై నిమిషాలూ ఇదే. ప్రత్యర్థికి కార్నర్ వచ్చిన ప్రతిసారీ నా దగ్గరకు వచ్చి, గోల్ ముందు మట్టిలో బూటు మడమతో ఒక గీత గీసేవాడు. "ఈ కుర్రాడు బంతిని లోపలికి తిప్పుతాడు, ఈ గీత దాటకు." మరో జట్టుతో ఆడితే గీత మరోచోట పడేది. బంతి కొట్టేవాడు నాలుగు అడుగులు వెనక్కి వేశాడా, రెండేనా అన్నది చూసి గీసేవాడు.

ఒక ఏడాది క్రీడల బడ్జెట్ కోసేశారు. ముప్పై ఐదు దాటినవాళ్లందరినీ జట్టు నుంచి తప్పించి మామూలు డ్యూటీకి పంపేశారు. ఆయన స్థానంలో 22 ఏళ్ల కుర్రాడు వచ్చాడు. ఆయనకంటే రెట్టింపు వేగం, రెట్టింపు ఎత్తు ఎగిరేవాడు. మొదటి ఐదు మ్యాచ్‌ల్లో నేను పదకొండు గోల్స్ తిన్నాను, అందులో ఏడు కార్నర్ల నుంచే. ఆ కుర్రాడి తప్పు కాదు. గీత గీసేవాడు లేడు, అంతే.

2022 ఫైనల్ కూడా ఇదే చెబుతుంది. పెనాల్టీల్లో మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు. అందరికీ గుర్తున్నది అదే. కానీ 2015లో అదే ఫటోర్డా స్టేడియంలో గోవా తరపున ఫైనల్ ఆడింది ఆయనే. గోవా 2-1తో గెలుస్తోంది. 90వ నిమిషంలో బంతి ఆయన చేతుల్లోంచే సొంత గోల్‌లోకి వెళ్లింది. ఆ వెంటనే చెన్నై మరోటి కొట్టి కప్పు తీసుకుపోయింది. ఒక కీపర్‌కు అంతకంటే ఘోరమైన రాత్రి ఉండదు, ఆ గ్లవ్స్ వేసుకున్నవాడిగా చెబుతున్నాను. ఆ మనిషి ఆరేళ్లు దాటాక అదే మైదానంలో మళ్లీ ఫైనల్‌లో నిలబడ్డాడు. అలా నిలబడటం ఇరవై ఏళ్ల కుర్రాడికి ఎలా వస్తుంది? ఏ అకాడమీలో నేర్పుతారు?

పసుపు_నలుపు
కృష్ణ గారూ, 2015 సంగతి నాకు తెలియదు. ఇది చదివాక ఆ మూడు సేవ్‌లూ మళ్లీ చూశాను.

నార్త్_గ్యాలరీ
ఆ రోజు నేను ఫటోర్డాలోనే ఉన్నాను. స్టేడియం నిండా పసుపే, కానీ తొంభై శాతం కేరళ పసుపు. మనవాళ్లు పసుపు జెర్సీల్లో ఆడుతుంటే, ఆ పసుపు జనమంతా నల్ల జెర్సీ వేసుకున్న కేరళ కోసం అరుస్తున్నారు. మేం ఓ మూలన పిడికెడు మందిమి. 68వ నిమిషంలో కేరళ రాహుల్ గోల్ కొట్టినప్పుడు చెవులు గింగురుమన్నాయి. 88వ నిమిషంలో మన సాహిల్ తవోరా పెనాల్టీ బాక్స్ బయట నుంచి గాల్లోనే కొట్టిన బంతి లోపలికి వెళ్లాక ఆ స్టేడియంలో వినపడింది మా గొంతులే.

వైజాగ్_వింగర్
అందరూ ఒకే పాట పాడుతున్నారు కాబట్టి రెండో వైపు నేను చెబుతా. నాకు 19. జిల్లా జట్టుకు ఆడాను. రెండేళ్లు బెంచ్ మీద కూర్చున్నాను, ఎందుకంటే నా స్థానంలో ఆడే అన్నకు "అనుభవం" ఉంది. ఆయన పరుగెత్తడు, వెనక్కి రాడు, కానీ పేరుంది. సీనియర్లను మోస్తూ ఉంటే మాలాంటివాళ్లం బెంచ్ మీదే ముసలివాళ్లం అవుతాం. క్లబ్ ఖర్చు తగ్గించి కుర్రాళ్లకు అవకాశం ఇస్తే తప్పేంటి? మనోలో చేసింది కూడా అదే కదా?

పసుపు_నలుపు
తమ్ముడూ, మనోలో చేసింది అది కాదు. 2020-21 సీజన్ గుర్తు చేసుకో. ఆకాశ్, ఆశిష్ రాయ్, యాసిర్, లిస్టన్, అందరూ ఇరవై దాటీ దాటని కుర్రాళ్లే. నిజమే. కానీ వాళ్ల పక్కన ఎవరున్నారు? వెనక ఒదెయ్, మధ్యలో జోవావ్ విక్టర్, ముందు అరిదానె. ఆకాశ్ ఎడమవైపు నుంచి పైకి పరుగెత్తితే ఆ ఖాళీని కాసేవాడు ఒకడున్నాడు. అందుకే ధైర్యంగా పరుగెత్తాడు. ఆ ఏడాది చివరి మ్యాచ్‌లో గోవాతో 0-0 అయ్యి ఐదో స్థానంలో ఆగిపోయాం గానీ, మరుసటి ఏడాది కప్పుకు పునాది అదే.

కుర్రాళ్లను ఆడించడం వేరు, కుర్రాళ్లను ఒంటరిగా వదిలేయడం వేరు. 2023-24 రెండో సగంలో జరిగింది రెండోది. ఆ పిల్లలు ప్రాణం పెట్టి ఆడారు. వాళ్లను నేనొక్క మాట అనను. చెన్నైయిన్ మీద 1-0తో గెలిచిన రాత్రి మా ఇంట్లో కప్పు గెలిచినంత గోల చేశాం.

వైజాగ్_వింగర్
ఆ మ్యాచ్ నేను హాస్టల్‌లో ఫోన్‌లో చూశాను అన్నా. డేటా అయిపోతే రూమ్‌మేట్ హాట్‌స్పాట్ అడుక్కుని మరీ.

మీరు చెప్పింది ఆలోచిస్తాను. కానీ నా స్థానంలో ఆడిన అన్న ఒక్కరోజు కూడా నాకు ఏమీ నేర్పలేదు. అది కూడా రాసి ఉంచుతున్నా.

కీపర్_కృష్ణ
అది ఆయన తప్పు, నీ కోచ్ తప్పు కూడా. నేర్పనివాడికి అనుభవం ఉన్నా జట్టుకు దక్కదు. నీ కోపం నాకు అర్థమవుతుంది.

గన్నర్_గుంటూరు
పదిహేనేళ్లుగా లండన్‌లో ఉంటున్నా, అంతకుముందు నుంచే ఆర్సెనల్ అభిమానిని. పసుపు_నలుపు గారు "అన్నిచోట్లా ఇంతేనా" అని అడిగారు కాబట్టి రాస్తున్నా.

2006లో ఆర్సెనల్ కొత్త స్టేడియంలోకి మారింది. దానికి చేసిన అప్పు తీర్చాలి. అప్పటికే 30 దాటిన ఆటగాళ్లకు ఒక్క ఏడాది ఒప్పందమే ఇస్తామనే పద్ధతి ఉంది. పిరెస్ అందుకే వెళ్లిపోయాడు. వియెరా అంతకు ముందు ఏడాదే వెళ్లాడు, ఆన్రీ 2007లో. అప్పట్లో మాకు చెప్పిన మాట ఒకటే, కుర్రాళ్లు వస్తున్నారు, ఓపిక పట్టండి. పట్టాం. ఆ కుర్రాళ్లు పెద్దవాళ్లయ్యారు. అయ్యాక వాళ్లనూ అమ్మేశారు. 2011లో ఫాబ్రెగాస్, నస్రి ఒకే నెలలో. ఆ నెలాఖరునే మాంచెస్టర్ యునైటెడ్ మైదానం ఓల్డ్ ట్రాఫర్డ్‌లో 8-2తో ఓడిపోయాం.

ఆ 8-2 జరిగిన మూడు రోజులకు, ట్రాన్స్‌ఫర్ గడువు చివరి రోజున, క్లబ్ పరుగులు పెట్టి ఎవరిని కొన్నదో చూడండి. మెర్టెసాకర్, ఆర్టెటా. ఇద్దరూ వందల మ్యాచ్‌లు ఆడినవాళ్లు. అనుభవాన్ని అమ్ముకున్న క్లబ్ అనుభవం కోసమే మళ్లీ బజారుకు వెళ్లింది.

తర్వాతి ఏడాది కెప్టెన్ వాన్ పెర్సీని మాంచెస్టర్ యునైటెడ్‌కే అమ్మారు, 24 మిలియన్ పౌండ్లని చెప్పారు. అతను అక్కడ 26 లీగ్ గోల్స్ కొట్టి వాళ్లకు టైటిల్ తెచ్చాడు. చాంపియన్లుగా మా స్టేడియానికి వచ్చినప్పుడు మావాళ్లే రెండు వరుసల్లో నిలబడి చప్పట్లు కొట్టాల్సి వచ్చింది. నేను పబ్‌లో చూస్తున్నా. పక్కనున్న పెద్దాయన గ్లాసు బల్ల మీద పెట్టి, మ్యాచ్ మొదలవకముందే లేచి బయటికి వెళ్లిపోయాడు.

నార్త్_గ్యాలరీ
8-2 అనేది ఫుట్‌బాల్ స్కోరా, టెన్నిస్ స్కోరా అని మా ఆఫీసులో ఒక యునైటెడ్ అభిమాని ఇప్పటికీ అడుగుతాడు. మీ తరపున పోట్లాడుతూనే ఉన్నా గన్నర్ బ్రో.

గన్నర్_గుంటూరు
ధన్యవాదాలు. ఆ రోజు మా ఆవిడ పుట్టినరోజు విందుకు పిలిచిన స్నేహితుల్లో ముగ్గురు యునైటెడ్ వాళ్లు. కేక్ మీద క్యాండిల్స్ ఎనిమిది పెట్టారు.

లెక్కల_మాస్టారు
గన్నర్ గారి ఉదాహరణ నా వైపే నిలుస్తుంది. ఆర్సెనల్ అప్పు తీర్చుకుంది, దివాలా తీయలేదు, 2016-17 దాకా ప్రతి ఏడాదీ యూరప్ మేటి క్లబ్‌ల పోటీ చాంపియన్స్ లీగ్ ఆడింది. అదే ఇంగ్లండ్‌లోని లీడ్స్ క్లబ్ చూడండి. తాహతుకు మించి అప్పు చేసి ఆటగాళ్లను కొన్నారు, 2001లో చాంపియన్స్ లీగ్ సెమీఫైనల్ దాకా వెళ్లారు. అప్పులవాళ్లు మీద పడేసరికి ఫెర్డినాండ్ మొదలుకొని అందరినీ అమ్ముకుని 2004లో కింది డివిజన్‌కు జారారు. ముందే ఖర్చు తగ్గించుకున్నవాడు బతికాడు, ఆలస్యం చేసినవాడు మునిగాడు.

గన్నర్_గుంటూరు
ఒప్పుకుంటాను మాస్టారూ, ఒక్క తేడా చెప్పండి చాలు. ఆర్సెనల్ ఆటగాళ్లను అమ్మిన డబ్బుతో ఒక స్టేడియం మిగిలింది. 60 వేల సీట్లు, ఇప్పటికీ మాదే. హైదరాబాద్ ఆటగాళ్లు వెళ్లిపోతే ఏం మిగిలింది? సొంత మైదానం? అకాడమీ? కనీసం పేరు?

లెక్కల_మాస్టారు
దీనికి నా దగ్గర జవాబు లేదు.

అమ్ముగూడ_అబ్బాయి
మా తాతగారు సికింద్రాబాద్‌లో కోచ్ రహీం సాబ్ జట్టు ఆట చూసినవారు. ఆయన చెప్పిన మాటలే రాస్తున్నా.

హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. బొంబాయి వెళ్లి మరీ. ఆ జట్టుకు పెద్ద యజమానులు లేరు. ఆటగాడికి పోలీసు ఉద్యోగం, నెల జీతం. ముప్పై దాటినా ఉద్యోగం ఉంటుంది కాబట్టి జట్టులోనే ఉండేవాడు, కొత్తగా వచ్చిన కుర్రాడికి పక్కనే ఉండి నేర్పేవాడు. రహీం సాబ్ స్వతహాగా బడి పంతులు. ఆ పద్ధతి మీదే భారత జట్టుకు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం వచ్చాయి.

కానీ అప్పుడు కూడా మంచి ఆటగాళ్లు వెళ్లిపోయేవారు. మా ఊరి తులసీదాస్ బలరాం కోల్‌కతా క్లబ్ ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లాడు. తాతగారు ఆ మాట చెప్పినప్పుడల్లా ఆగేవారు. కోపం ఉండేది కాదు. "వాడు ఎదగడానికి వెళ్లాడు" అనేవారు. మనవాళ్లు 2024 జనవరిలో వెళ్లింది ఎదగడానికి కాదు. జీతాలు రాక.

ఖరగ్‌పూర్_రావు
మాది మూడు తరాలుగా ఖరగ్‌పూర్, రైల్వే కుటుంబం. ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ, గుండెలో ఈస్ట్ బెంగాల్. బలరాం గారు ఈస్ట్ బెంగాల్ తర్వాత బీఎన్ఆర్‌కు ఆడారు, అంటే మా రైల్వే జట్టుకే. మా నాన్న ఆ పేరు చెబితే కుర్చీలో నిటారుగా కూర్చునేవారు. బలరాం గారు 2023 ఫిబ్రవరిలో పోయారు. చివరిదాకా కోల్‌కతా వైపే ఉన్నారు.

ఇంకో సంగతి చెప్పాలి, కోపగించుకోకండి. మీ సౌవిక్ చక్రవర్తి 2022లో మా దగ్గరకు వచ్చాడు. కప్పు గెలిచిన మిడ్‌ఫీల్డర్ మాకు దొరికాడు. తర్వాత సివెరియో కూడా వచ్చాడు. మా వీధిలో పండగ చేసుకున్నాం. ఇక్కడ మీరంతా రాసింది చదువుతుంటే, ఆ పండగ ఎవరింట్లో వస్తువు తెచ్చుకుని చేసుకున్నామో ఇప్పుడు తెలుస్తోంది.

పసుపు_నలుపు
రావు గారూ, మీ మీద కోపం ఎందుకండీ. మీ దగ్గర బాగా ఆడితే మాకూ సంతోషమే. పూజారీ, చింగ్లెన్‌సానా బెంగళూరుకు వెళ్లాక వాళ్ల మ్యాచ్‌లు నేను వదలకుండా చూస్తున్నా. మా అబ్బాయి "మనవాళ్లు" అనే అంటాడు.

గోదావరి_గోల్
ఇంతసేపు చదువుతూ ఊరుకున్నాను. అమ్మడం, వదిలేయడం ఒకటి కాదు. దాని గురించి ఎవరూ స్పష్టంగా చెప్పలేదు. 2024 జనవరిలో వెళ్లినవాళ్లలో చాలామందిని క్లబ్ "అమ్మలేదు". ఫిఫా నిబంధనల్లో ఒకటి ఉంది. రెండు నెలల జీతం బకాయి పడితే, ఆటగాడు రాతపూర్వకంగా 15 రోజుల గడువు ఇచ్చి, అప్పటికీ ఇవ్వకపోతే ఒప్పందం తెంచుకుని వెళ్లిపోవచ్చు. క్లబ్‌కు పైసా రాదు. పైగా బకాయిలు తీర్చేదాకా కొత్త ఆటగాళ్లను నమోదు చేసుకోకుండా నిషేధం పడుతుంది, మనకూ పడింది. అంటే మాస్టారు చెప్పిన "ఖర్చు తగ్గింపు" లెక్క ప్రకారమే చూసినా ఇది నష్టం. జీతం ఇవ్వకుండా మిగిల్చినదానికంటే పోగొట్టుకున్న ఆటగాళ్ల విలువ ఎక్కువ.

ఇక నా సొంత గొడవ. మా పాప తొమ్మిదేళ్లది, ఒక అకాడమీలో ఫుట్‌బాల్ నేర్చుకుంటోంది. అక్కడ యాభై దాటిన కోచ్ ఉండేవారు. పాపకు ఎడమకాలు అస్సలు వాడే అలవాటు లేదు. ఆయన ప్రాక్టీస్ అయ్యాక పావుగంట ఆపి, గోడ మీద సుద్దముక్కతో గుండ్రం గీసి, ఎడమకాలితో యాభైసార్లు కొట్టించేవారు. కుడికాలి షూ విప్పించేసేవారు, అటు బుద్ధి పోకుండా. నాలుగు నెలల్లో పాప ఎడమకాలితో పాస్ ఇవ్వడం మొదలుపెట్టింది. వేసవి తర్వాత వెళ్తే ఆయన లేరు. "రీస్ట్రక్చరింగ్ మేడమ్" అన్నారు. ఫీజు మాత్రం పెంచారు. ఇప్పుడు ఉన్న అబ్బాయి మంచివాడే, ఇరవై ఏళ్లు ఉంటాయి, ముప్పైమంది పిల్లలకు ఒక్కడే. ఈల ఊదుతాడు, ఫోటోలు తీసి గ్రూపులో పెడతాడు. గోడ మీద ఆ గుండ్రం ఇంకా ఉంది, సగం చెరిగిపోయింది.

కీపర్_కృష్ణ
కుడికాలి షూ విప్పించడం! గొప్ప కోచ్ అమ్మా ఆయన. ఎక్కడున్నారో తెలిస్తే వదలకండి.

గోదావరి_గోల్
ఫోన్ నంబర్ సంపాదించాను కృష్ణ గారూ. ఆదివారాలు మా కాలనీ ఖాళీ స్థలంలో నేర్పడానికి ఒప్పుకున్నారు. తొమ్మిదిమంది పిల్లలయ్యారు.

వైజాగ్_వింగర్
జర్మనీలో క్లబ్ ఓట్లలో సగం కంటే ఒకటి ఎక్కువ సభ్యుల చేతిలోనే ఉండాలనే నియమం ఉంది కదా, 50+1 అంటారు. అభిమానులు ఒప్పుకోకపోతే యజమాని క్లబ్‌ను వేరే ఊరికి ఎత్తుకుపోలేడు. మన దగ్గర అలా పెడితే?

లెక్కల_మాస్టారు
బాగుంటుంది బాబూ, కానీ సభ్యత్వం అంటే ఏడాదికేడాది డబ్బు కట్టాలి. మన స్టేడియం 2022-23లో ఎన్ని మ్యాచ్‌లకు నిండింది? మంచి ఫామ్‌లో ఉన్న జట్టు ఆడుతుంటే కూడా సీట్లు ఖాళీగా కనపడ్డాయి. యజమానులను ఎంతైనా అందాం, తప్పు లేదు. కానీ నేను కూడా ఆ ఏడాది మూడు మ్యాచ్‌లకే వెళ్లాను. ఆ మాట ఇక్కడ చెప్పకపోతే నిజాయితీ కాదు.

నార్త్_గ్యాలరీ
మాస్టారూ, ఆ మాట అన్నందుకు మీ మీద గౌరవం పెరిగింది. కానీ ఒకటి మర్చిపోకండి. కోవిడ్ వల్ల 2020 నుంచి రెండు సీజన్లు మొత్తం గోవాలోనే ఆడారు. మన జట్టు ఎదిగిన రెండేళ్లూ మన ఊళ్లో ఒక్క మ్యాచ్ లేదు. తిరిగి వచ్చాక ఒక్క ఏడాది బాగా ఆడారు. రెండో ఏడాదికి తెలిసిన ముఖాలే లేవు. జనం దేన్ని చూసి రావాలి? మా చెల్లిని మొదటిసారి తీసుకెళ్తే "వీళ్లలో నువ్వు చెప్పేవాళ్లు ఎవరు?" అని అడిగింది. చూపించడానికి నాకు ఒకరిద్దరు మిగిలారు.

గన్నర్_గుంటూరు
వింగర్ తమ్ముడికి ఒక సంగతి. ఇక్కడ వింబుల్డన్ అనే క్లబ్‌ను యజమానులు వేరే ఊరికి, మిల్టన్ కీన్స్‌కు తరలించడానికి 2002లో అనుమతి వచ్చింది. అభిమానులు ఊరుకోలేదు. కొన్ని వారాల్లోనే ఏఎఫ్‌సీ వింబుల్డన్ అని సొంత క్లబ్ పెట్టుకున్నారు. ఆటగాళ్లను ఎంచుకోవడానికి పార్కులో ట్రయల్స్ పెట్టారు. ఇంగ్లండ్ లీగుల్లో తొమ్మిదో అంచె నుంచి మొదలుపెట్టి తొమ్మిదేళ్లలో పై నాలుగు అంచెల ఫుట్‌బాల్ లీగ్‌లోకి వచ్చారు. 2020లో తమ పాత పేట ప్లవ్ లేన్‌కు తిరిగి వెళ్లారు. ఇప్పటికీ క్లబ్ అభిమానులదే.

అమ్ముగూడ_అబ్బాయి
పార్కులో ట్రయల్స్. మన దగ్గర పార్కులో బంతి తీస్తే వాచ్‌మన్ ఈల వేస్తాడు.

వైజాగ్_వింగర్
వాచ్‌మన్‌ను గోల్‌కీపర్‌గా పెట్టుకుందాం అన్నా, ఒక్క బంతి కూడా లోపలికి పోనివ్వడు.

ఖరగ్‌పూర్_రావు
నవ్వించారు. కానీ తొమ్మిదో అంచె కిందనుంచి ఎక్కడానికి మెట్లుండాలి కదా. 2023-24లో ఐఎస్ఎల్‌లో చివరి స్థానం వచ్చినా కింది డివిజన్‌కు దించలేదు. 8 పాయింట్లతో కూడా మరుసటి ఏడాది మీవాళ్లు అదే లీగ్‌లో ఆడారు. యజమానికి ఆ భయమే లేకపోతే జట్టును కాపాడుకోవాలని ఎందుకు అనిపిస్తుంది? సీనియర్ లేకపోతే ఏం పోతుంది, ఓడిపోతాం అంతే, సీటు ఎక్కడికీ పోదు. నాకు తెలిసి అసలు రోగం అక్కడుంది.

కీపర్_కృష్ణ
రావు గారి మాట సరైనది. మా ఆఫీసు లీగ్‌లో కూడా చివరి రెండు జట్లను దించేవారు. ఆ భయంతోనే, నేను పదకొండు గోల్స్ తిన్న ఏడాది సగంలో మేనేజరు ఆ స్టాపర్ దగ్గరకు స్వయంగా వెళ్లి అడిగాడు. ఆయన వచ్చాడు. ఆడటానికి కాదు, మోకాళ్లు అయిపోయాయి. గోల్ వెనక స్టూలు వేసుకుని కూర్చునేవాడు. కార్నర్ వస్తే "కృష్ణా, రెండడుగులు వెనక్కి" అనేవాడు. ఆ తర్వాత కార్నర్ మీద తిన్నది రెండే.

పసుపు_నలుపు
స్టూలు వేసుకుని గోల్ వెనక. ఇది చదివి మా అబ్బాయికి వినిపించాను. వాడు అడిగిన ప్రశ్నకు కూడా ఈ రోజు జవాబు చెప్పేశాను, మొత్తం. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "మరి నేను ఎక్కడ ఆడాలి?" అన్నాడు.

గోదావరి_గోల్ గారూ, మీ కాలనీలో ఆ కోచ్ దగ్గర ఇంకొకరికి చోటుందా? పదేళ్లు దాటాయి, కుడికాలే వాడతాడు.

గోదావరి_గోల్
తప్పకుండా పంపండి. చిరునామా విడిగా మెసేజ్ చేశాను. ఆదివారం ఉదయం ఆరున్నర. ఆయన ఆరూ ఇరవైకే వచ్చి గోడ దగ్గర నిలబడతారు, ఆలస్యమైతే ఊరుకోరు.

పసుపు_నలుపు
స్టడ్స్ కొనాలా, మామూలు షూస్ సరిపోతాయా?

గోదావరి_గోల్
మట్టి నేల, మామూలువి చాలు. మంచినీళ్ల సీసా మర్చిపోకండి. ఆ పాత జెర్సీ కూడా తెమ్మనండి, మా పాపకు సరిపోతుందేమో చూద్దాం. మీకు ఇష్టమైతేనే.